రాత్రి గూట్లో పెట్టలు చస్తున్నాయి, పగలు పిల్లలు మాయం: ఈ కోళ్లతోనే పిల్లలు తీయాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: పెరటిగంప

పెరట్లో నాటు రకం కోళ్లు, 2 పుంజులు, 14 పెట్టలు ఉండేవి. గూడు 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, ఐదున్నర అడుగుల ఎత్తు. చెక్క ఫ్రేము, పైన ముడతల రేకు, వెనక గోడ పలకలది. ముందువైపూ రెండు పక్కలా అంగుళం గడి ఉన్న ఆరు పలకల చికెన్ మెష్. నేల మట్టిదే.

తెల్లారి తలుపు తీస్తే మూడు పెట్టలు చచ్చి ఉన్నాయి. మూడింటికీ మెడ వెనక కొరికిన గాట్లు. ఒకదాన్ని మాత్రం కొంచెం తిన్నట్టుంది, మిగతా రెండూ అలాగే వదిలేసి ఉన్నాయి. మెష్ ఎక్కడా చిరగలేదు. కింది పలక దగ్గర మట్టి గీరినట్టు, పిడికిలి పట్టేంత సందు కనిపించింది. ఇది కాక పగటిపూట తల్లితో తిరిగే పిల్లలు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి, ఈక కూడా దొరకడం లేదు. గుడ్లు పెంకు జాడ లేకుండా పోతున్నాయి.

మూడు సందేహాలు:
1. ఇది ఏ జంతువు పని?
2. గూడు మొత్తం విప్పకుండా గట్టి చేయడం ఎలా?
3. మిగిలిన 11 పెట్టలతో, ఈ రెండు పుంజులతో పిల్లలు తీయాలనుంది. పుంజులు రెండూ అన్నదమ్ములు, పెట్టల్లో సగం వాటి తోబుట్టువులే. ఫరవాలేదా?

జవాబు: మెష్‌మేస్త్రి

మీరు చెప్పినదాంట్లో ఉన్నది ఒక జంతువు కాదండీ, కనీసం రెండు. ఒకదానికి చేసిన అడ్డు రెండోదాన్ని ఆపదు. అందుకే ముందు ఎవరొచ్చారో తేల్చుకుని తర్వాత మేకు కొట్టండి.

రాత్రి చావులు సన్నటి ఒళ్లున్న జంతువు పని. మెడ కొరికి, ఎక్కువ తినకుండా, ఒకటి తర్వాత ఒకటి చంపడం వాటి పద్ధతి. మూసిన గూట్లో పారిపోయే దారి లేక మిగతా కోళ్లు కొట్టుకుంటుంటే, కదిలే ప్రతిదాన్నీ కొరుకుతూనే ఉంటుంది. దానికీ ఆకలికీ సంబంధం లేదు. ఇలాంటి చావు చూడగానే చాలామంది ముంగిస పేరే చెప్తారు గానీ ముంగిస పగలు తిరిగే జంతువు. చీకట్లో జరిగిందైతే మానుపిల్లి, పునుగుపిల్లి, అడవిపిల్లి లాంటివాటిని అనుమానించాలి. వెలుగొచ్చాక, మీరు తలుపు తీసేలోపు జరిగిందైతే ముంగిసే కావచ్చు.

ఏ వేళకి జరుగుతోందో తెలియాలంటే గూడు చుట్టూ అడుగు వెడల్పున జల్లించిన బూడిదో సన్న ఇసుకో పరచండి. పడుకునే ముందు ఒకసారి, వెలుగు రాకముందు ఇంకోసారి టార్చి పక్క నుంచి వేసి చూడండి. పై నుంచి వేస్తే అడుగులు సరిగ్గా కనపడవు. గుండ్రటి అడుగు, నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తు లేకపోతే పిల్లి. నాలుగు వేళ్లతో పాటు గోళ్లు కూడా దిగి ఉంటే కుక్క, నక్క. చిన్న అడుగుకి అయిదు వేళ్లుంటే ముంగిస, మానుపిల్లి వర్గం. వంకర టింకర చార ఒక్కటే ఉంటే పాము.

చచ్చిన కోడిని పారేసే ముందు దాన్నీ చూడాలి. ఒళ్లంతా చీలికలు, ఈకలు చెల్లాచెదురు, తిన్నది మాత్రం ఏమీ లేదంటే కుక్క. మొత్తం కోడే మాయమై కంచె దాకా ఈకల బాట ఉంటే నక్క. ఒకేచోట గుండ్రంగా పీకిన ఈకల కుప్ప, రొమ్ము మాంసం తిని ఉంటే డేగ, గద్ద. కళేబరం మెష్‌కి ఆనుకుని, తల ఒక్కటే లేకుండా ఉంటే జంతువు లోపలికి రానేలేదని అర్థం, గడిలోంచి అందిన తలని బయటికి లాగింది. అప్పుడు సందులు వెతకడం కంటే చిన్న గడి మెష్ వేసి, కూర్చునే కర్రలని గోడకి అడుగు దూరం జరపడం ముఖ్యం.

ఈ రాత్రికి మాత్రం కోళ్లని ఆ గూట్లో ఉంచకండి. దారి దొరికిన జంతువు మళ్లీ వస్తుంది, చాలాసార్లు మర్నాడే వస్తుంది. గట్టి గదిలోనో, చెక్క పెట్టెల్లోనో సర్దండి.

ఇక మెష్ సంగతి. ఆరు పలకల చికెన్ మెష్ కోడిని లోపల ఉంచడానికి పనికొస్తుంది గానీ వేటజంతువుని బయట ఉంచలేదు. మెలిపెట్టిన సన్న తీగ కాబట్టి కుక్క పంటితో పట్టి లాగితే ఒక మెలిక ఊడుతుంది, దాని వెంట వరసంతా విచ్చుకుంటుంది. ప్రతి కలయిక దగ్గరా అతికి ఉన్న వెల్డ్ మెష్ కావాలి. అర అంగుళం గడి, 19 గేజ్ లేదా అంతకంటే లావు తీగ. గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావవుతుంది: 19 గేజ్ దాదాపు 1 మిల్లీమీటరు, 16 గేజ్ 1.6 మిల్లీమీటర్లు. జింకు పూత వెల్డింగు తర్వాత వేసిందే తీసుకోండి, ముందు పూత వేసి తర్వాత వెల్డ్ చేసినదానికి అతుకుల దగ్గరే తుప్పు మొదలవుతుంది.

పాత మెష్ విప్పక్కర్లేదు, దాని మీదే వేయండి. మూడు వైపులు కలిపి 20 అడుగులు. 3 అడుగుల వెడల్పు రోలైతే కింద ఒక వరస, పైన ఒక వరస, వరసకి 20 అడుగుల చొప్పున 40 అడుగులు. మీ గూడు ఎత్తుకి రెండు వరసలూ మధ్యలో అర అడుగు ఒకదాని మీద ఒకటి వస్తాయి, అక్కడ బైండింగ్ వైరుతో జానెడుకొక కుట్టు వేయండి. కింది వరసకి అర అంగుళం బదులు పావు అంగుళం గడి పెడితే పాములకీ ఎలుకలకీ కూడా సరిపోతుంది. తలుపు రెక్కకి మెష్ విడిగా కోసి బిగించండి. మెష్ ఎప్పుడూ ఫ్రేముకి బయటి వైపే ఉండాలి. బయట నుంచి జంతువు నెట్టినప్పుడు మెష్ చెక్కకి అదుముకుంటుంది. లోపలివైపు కొట్టి ఉంటే ప్రతి తోపుకీ పిన్నులు ఊడుతూ వస్తాయి.

బిగింపుకి స్టేపుల్ పిన్నులు ఒక్కటే చాలవు. అర అంగుళం గడి కంటే పెద్ద వాషరు, అంగుళంన్నర స్క్రూ, 4 నుంచి 6 అంగుళాలకొకటి. మూలల్లో ఇంకా దగ్గరగా. వీలైతే మెష్ మీద సన్న చెక్కపట్టీ వేసి దాని మీంచి స్క్రూ దించండి.

తవ్వే జంతువుకి అడ్డు గోడలో కాదు, నేల మీద వేయాలి. తవ్వేది గోడ మొదట్లోనే గోళ్లు పెడుతుంది, రెండడుగులు వెనక్కి వెళ్లి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. 24 అంగుళాల వెడల్పు మెష్ తీసుకుని 6 అంగుళాలు గోడకి పైకి మడిచి స్క్రూలతో బిగించి, మిగతా 18 అంగుళాలు నేల మీద బయటికి పరచండి. మీ గూడు చుట్టుకొలత 28 అడుగులు. మూలల్లో ఖాళీ పడకుండా ఒక్కో మూలకి ఒకటిన్నర అడుగు అదనంగా వేసుకుంటే 34 అడుగులు. అడుగుకొక ఇనుప కొక్కెం దిగ్గొట్టి, మీద రెండంగుళాల మట్టి కప్పేస్తే గడ్డి మొలిచి మెష్‌ని పట్టేసుకుంటుంది. వెనక పలకల గోడ వైపు కూడా వేయాలి, చాలామంది ఆ వైపు వదిలేస్తారు.

చాలా గూళ్లలో కంటికి ఆనని సందు పైకప్పు దగ్గర ఉంటుంది. ముడతల రేకు చెక్క మీద కూర్చున్నచోట ప్రతి ముడత కిందా ఒక సొరంగం. బయట నిలబడి చూస్తే కనపడదు, లోపల కూర్చుని వెలుతురు ఎక్కడ నుంచి పడుతోందో చూడాలి. బొటనవేలు పట్టే సందు ప్రతిదీ మెష్‌తో మూయండి, పాత గోనెలు కుక్కితే గాలి ఆగిపోతుంది. గాలి కావాల్సిందే, కాకపోతే మెష్ వెనక నుంచి రావాలి. గూట్లో వంగి ముక్కు పెట్టినప్పుడు కళ్లు మండితే రెట్ట నుంచి వచ్చే అమోనియా ఎక్కువైందని, గాలి చాలడం లేదని గుర్తు.

తలుపుకి పైన ఒకటి, కింద ఒకటి రెండు గడియలు పెట్టండి. కింద ఒకటి లేకపోతే తలుపు మూల వంగి సందు ఇస్తుంది. ఎత్తితే ఊడే కొక్కెం గడియ వద్దు, గడియకి స్ప్రింగ్ హుక్ తగిలించండి. తలుపు కింద సందు అర అంగుళం దాటకూడదు.

కుక్కలు, నక్కలు ఎక్కువున్న చోట గూడు చుట్టూ కరెంటు తీగ మంచి రెండో కంచె. నేలకి 6 నుంచి 8 అంగుళాల ఎత్తున ఒకటి, దాని పైన 8 అంగుళాలకి ఇంకొకటి. కంచెల కోసమే చేసిన, ఆగి ఆగి విద్యుత్తు పంపే ఎనర్జైజరే వాడాలి. ఇంటి కరెంటు నేరుగా తీగకి ఇస్తే మనుషులు చస్తారు, ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. తీగ మీద 3000 వోల్టుల కంటే తగ్గితే బొచ్చున్న జంతువుకి గట్టిగా తగలదు. తగ్గడానికి కారణం చాలాసార్లు ఈ రెండింట్లో ఒకటి: గడ్డి పెరిగి తీగని తాకడం, లేదా ఎర్తు కడ్డీ ఎండిన నేలలో ఉండటం. ఎండాకాలం కడ్డీ మొదట్లో నీళ్లు పోస్తుండండి.

మెరిసే దీపాలు, రేడియో, దిష్టిబొమ్మలకి జంతువులు కొద్ది రోజుల్లోనే అలవాటుపడతాయి. విషం పెట్టొద్దు. దాన్ని మీ కోళ్లూ తింటాయి, విషం తిన్న ఎలుకని తిన్న పిల్లీ గద్దా చస్తాయి. వీటిలో చాలా అడవి జంతువులకి చట్టం రక్షణ కూడా ఉంటుంది.

జవాబు: పుట్టపక్క

పిల్లలు, గుడ్ల సంగతి చెప్తాను. గుడ్లు పెంకు జాడ లేకుండా పోతే ముందు పాముని అనుమానించాలి. ముంగిస, కాకి, ఎలుక అయితే చాలాసార్లు పెంకు ముక్కలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. పిల్లలు పగలు ఒక్కొక్కటే ఈక కూడా లేకుండా పోవడానికి పాము, పిల్లి, ముంగిస, కాకి ఏదైనా కావచ్చు. రాత్రి తల్లి కింద నుంచి పోతే పాము లేదా పెద్ద ఎలుక. ఎప్పుడైనా చచ్చిన పిల్ల దొరికి, దాని తల, మెడ, భుజాల దాకా ఈకలు తడిసి అంటుకుపోయి ఉంటే పాము మింగబోయి పట్టక వదిలేసిందని ఖాయం చేసుకోవచ్చు. పిల్లని కలుగు నోటి దాకా ఈడ్చిన గుర్తులుంటే ఎలుక, పందికొక్కు.

పాము వచ్చేది ఎలుక కోసం, ఎలుక వచ్చేది దాణా కోసం. దాణా మూత బిగిసే రేకు డబ్బాలో ఉంచండి, గోనెలో కాదు. సాయంత్రం కోళ్లు ఎక్కాక తొట్లు ఎత్తేయండి, కింద పడ్డ గింజలు ఊడ్చేయండి. గుడ్లు రోజుకి రెండుసార్లు తీయండి, రెండోసారి తప్పకుండా చీకటి పడకముందే. గూడు చుట్టూ ఆరడుగుల మేర కట్టెలు, ఇటుకల కుప్పలు, పొదలు లేకుండా చేస్తే పాముకి దాక్కునే చోటు ఉండదు.

నైలాన్ వల పాము కోసం నేల మీద పరచకండి. అందులో ఇరుక్కుని బతికున్న పాము మర్నాడు మీ చేతి దగ్గరే ఉంటుంది. పాము కనిపిస్తే పట్టడం తెలిసినవాళ్లని పిలవండి.

జవాబు: లైనుపుస్తకం

మూడో ప్రశ్నకి జవాబు: ఇలాగే వదిలేసి పిల్లలు తీయొద్దు. సొంత అన్నాచెల్లెళ్లు కలిస్తే పుట్టే పిల్లల్లో అంతఃప్రజననం (తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే పూర్వీకుడి జన్యువు రెండు ప్రతులుగా వచ్చే అవకాశం) 25 శాతం. ఒకే పుంజుకి వేరువేరు తల్లులకి పుట్టినవి కలిస్తే 12.5 శాతం. ఇది ముందుగా పొదుగులో కనపడుతుంది: గుడ్డు ఫలదీకరణ అయినా పిండం మధ్యలోనే పోతుంది. ఆ తర్వాత పిల్లలు బలహీనంగా ఉంటాయి, గుడ్ల సంఖ్య పడిపోతుంది.

ఒకదానికొకటి చుట్టాలు కాని కోళ్లతో మొదలుపెట్టినా తరానికి ఈ శాతం ఎంత పెరుగుతుందో చేత్తో లెక్క వేసుకోవచ్చు. 1ని పుంజుల సంఖ్యకి 8 రెట్లతో భాగించండి, 1ని పెట్టల సంఖ్యకి 8 రెట్లతో భాగించండి, రెండూ కలపండి. ఒక పుంజు, 11 పెట్టలైతే 13.6 శాతం. 2 పుంజులు, 11 పెట్టలైతే 7.4. 4 పుంజులు, 20 పెట్టలైతే 3.75. పెట్టల్ని ఎన్ని పెంచినా పుంజు ఒక్కటే ఉంటే 12.5 శాతం కంటే కిందికి రాదు. పెరటి గుంపుకి ఎప్పుడూ కొరత పుంజులదే.

మీరు అడిగిన గూటి రక్షణ, పిల్లలు తీయడం రెండూ ఇక్కడ కలుస్తాయి. గుడ్ల కోసం పెంచే గుంపులో మూడు పెట్టలు పోతే మూడు పెట్టలే పోయినట్టు. పిల్లలు తీసే గుంపులో ఒక రాత్రి పుంజు పోతే ఒక వంశం పోయినట్టు. అందుకే పుంజులన్నిటినీ ఒకే కప్పు కింద పడుకోబెట్టకండి. ప్రతి వంశానికీ ఒక అదనపు పుంజు, తమ్ముడో కొడుకో, వేరే గూట్లో ఉండాలి. అది మెరుగైన పక్షి కానక్కర్లేదు, ఆరోగ్యంగా ఉంటే చాలు.

మీకు చేయదగ్గ ఏర్పాటు మూడు జట్లు. మీ రెండు పుంజుల్లో మంచిది ఒకటి ఉంచుకుని, మీ కోళ్లతో గానీ ఒకదానికొకటి గానీ సంబంధం లేని రెండు పుంజుల్ని బయట నుంచి తెచ్చుకోండి. పెట్టల్ని 4, 4, 3గా విడదీయండి. పాత పుంజు జట్టులో దాని తోబుట్టువు ఒక్కటీ ఉండకూడదు, వాటన్నిటినీ కొత్త పుంజుల దగ్గర వేయండి. తర్వాతి తరం నుంచి ఒకటే నియమం: కూతుళ్లు తల్లి జట్టులోనే ఉంటాయి, కొడుకులు పక్క జట్టుకి వెళ్తాయి. ఒకటో జట్టు కొడుకు రెండుకి, రెండో జట్టుది మూడుకి, మూడోది ఒకటికి. దిశ ఎప్పుడూ మార్చకూడదు. ఇలా చేసినా మూడు జట్ల మధ్య రక్తం నెమ్మదిగా కలిసిపోతుంది కాబట్టి కొన్ని తరాలకొకసారి ఒక జట్టులోకి కొత్త పుంజు రావాలి. మూడు జట్లలోకీ ఒకేసారి తెస్తే మీరు ఏరి కూర్చిన గుణాలు చెదిరిపోతాయి.

గుర్తులు లేకపోతే ఇదంతా కాగితం మీదే ఉంటుంది. పిల్ల పుట్టిన రోజే కాలివేళ్ల మధ్య పొరకి చిన్న పంచితో రంధ్రం పెడతారు. ఒక్కో కాలికి రెండు పొరలు, మొత్తం నాలుగు, వాటితో 16 రకాల గుర్తులు వస్తాయి. రంధ్రం పొర మధ్యలో పడాలి, పడ్డ ముక్క పూర్తిగా ఊడిందో లేదో చూడాలి. ముక్క వేలాడుతుంటే మళ్లీ అతుక్కుని పూడిపోతుంది. రంగు రింగులు కూడా వేస్తే దూరం నుంచి తెలుస్తుంది గానీ ఎదిగే పిల్లలకి రెండు వారాలకొకసారి సైజు చూసి మార్చకపోతే కాలిలోకి దిగిపోతాయి.

ఏరివేత 16 నుంచి 20 వారాల వయసులో. చేతిలోకి తీసుకుని చూడాలి: రొమ్ము ఎముక వంకర లేకుండా నిటారుగా ఉందా, వేళ్లు తిన్నగా ఉన్నాయా, ముక్కు రెండు దవడలూ కలుస్తున్నాయా, కన్ను గుండ్రంగా మెరుస్తోందా. మీ చోట గద్దలు, కుక్కలు ఉంటే ఇంకొకటి కలపండి: పైన నీడ కదలగానే హెచ్చరిక కూత పెట్టి పెట్టల్ని పొద కిందికి పంపే పుంజు, సాయంత్రం పిలవకుండానే గూట్లోకి వచ్చే పెట్ట. మనుషుల మీదికి ఎగబడే పుంజుని ధైర్యం కింద లెక్కేయొద్దు, దాన్ని బ్రీడింగుకి ఉంచొద్దు.

మీ గూడు వైశాల్యం 48 చదరపు అడుగులు. కోడికి 4 చదరపు అడుగులు వేసుకుంటే 12 కోళ్లకి సరిపోతుంది. మూడు జట్లంటే మూడు అరలు లేదా ఇంకో గూడు తప్పదు. అరల మధ్య అడ్డుకి కింది రెండడుగులు పలక వేయండి. మెష్ ఒక్కటే ఉంటే పుంజులు రోజంతా దాని మీంచే పోట్లాడుకుని తురాయిలు చీల్చుకుంటాయి.

పెరటిగంప:

అందరికీ ధన్యవాదాలండీ. బూడిదలో అయిదు వేళ్ల చిన్న అడుగులే పడ్డాయి, చీకటి ఉండగానే. మెష్ పని మొదలైంది. కొత్త పుంజులు తెచ్చాక గుడ్లు ఎప్పటి నుంచి ఏరాలి? పెట్ట కింద వేయడం మేలా, ఇంక్యుబేటరా? పిల్లల్ని ఎన్నాళ్లకి బయట వదలొచ్చు?

జవాబు: ఇరవయ్యొక్కటోరోజు

పెట్ట ఒంట్లో పుంజు వీర్యం రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాల దాకా పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి పాత పుంజుని పూర్తిగా తీసేసిన మూడు వారాల తర్వాత గుడ్లే పొదుగుకి వాడండి. ఈలోపు గుడ్లు తినేయండి. కొత్త పుంజుని కలిపిన కొద్ది రోజులకే పొదిగే గుడ్లు వస్తాయి గానీ తండ్రి ఎవరో తేలదు.

ఈ మూడు వారాల్నీ, దానికి ముందు ఇంకో వారాన్నీ మేతకి వాడుకోండి. పిల్ల గుడ్డులో ఉన్నదే తింటుంది. పెట్టలకి 16 నుంచి 18 శాతం ప్రొటీన్, విటమిన్లు కలిసిన బ్రీడరు దాణా కనీసం నాలుగు వారాల ముందు నుంచి పడాలి. రైబోఫ్లేవిన్ తక్కువైతే పిల్ల పెంకులోనే చస్తుంది, లేదా వేళ్లు లోపలికి ముడుచుకుపోయి పుడుతుంది. సున్నపు గుల్లల పొడి విడి గిన్నెలో పెట్టండి, పెట్టలు కావలసినంత తింటాయి. దాణాలో కలిపేస్తే పుంజుకి అక్కర్లేని కాల్షియం పడుతుంది.

పొదుగుకి పెట్టే గుడ్లు ఏడు రోజులకి మించి నిలవ వద్దు. సన్న మొన కిందికి, 13 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య. 20, 21 డిగ్రీలు దాటితే పిండం కొద్దిగా కదిలి మళ్లీ ఆగుతుంది, అలా రెండు మూడు రోజులైతే పోతుంది. ఏడో రోజు చీకట్లో గుడ్డుకి టార్చి ఆనించి చూస్తే ఎర్రటి రక్తపు ఉంగరం కనిపించే గుడ్లు ఇలా పాడైనవి కావచ్చు. అంత చల్లటి చోటు లేకపోతే మూడు, నాలుగు రోజుల గుడ్లే వేయండి. గుడ్లు కడగొద్దు. మట్టి అంటినవి పక్కన పెట్టండి.

పెట్టా, ఇంక్యుబేటరా అన్నది మీకు కావాల్సిన సంఖ్యని బట్టి. నాలుగు పెట్టల జట్టు, ఒక్కోటి వారానికి 3 గుడ్లు పెడితే 12 గుడ్లు. మూడింట రెండు వంతులు పొదిగితే 8 పిల్లలు, అందులో పెట్టలు 4. ఏరుకోవడానికి ఒక్కో జట్టు నుంచి పదికి పైగా పెట్టలు కావాలంటే మూడు వారాల గుడ్లు కావాలి. పొదిగే పెట్టలు ఒకేసారి మూడు కూర్చోవు కాబట్టి ఇంక్యుబేటరు అవసరం పడుతుంది.

ఫ్యాను ఉన్నదైతే 37.5 నుంచి 37.8 డిగ్రీలు. 18వ రోజు దాకా తేమ 50 నుంచి 55 శాతం, తర్వాత 65 నుంచి 70. గుడ్లు రోజుకి కనీసం మూడుసార్లు తిప్పాలి, 18వ రోజు ఆపేయాలి. రోజుకి బేసి సంఖ్యలో తిప్పితే రాత్రి పొడుగునా ఒకే వైపు పడుకోవు. ఇంక్యుబేటరు మీటరు ఒక్కదాన్నే నమ్మొద్దు, గుడ్ల ఎత్తులో విడి థర్మామీటరు పెట్టండి. వేడి ఎక్కువైతే పిల్లలు 21వ రోజుకి ముందే, బొడ్డు మూసుకోకుండా వస్తాయి. తక్కువైతే ఆలస్యంగా, ఉబ్బిన పొట్టలతో వస్తాయి.

జట్టు నంబరు పెన్సిల్‌తో పెంకు మీద రాయాలి, సిరా వద్దు. 18వ రోజు ఒక్కో జట్టు గుడ్లని విడివిడి మెష్ బుట్టల్లో పెట్టి మూత వేయండి. పిల్ల బయటికొచ్చాక పెంకు ముక్కలు కలిసిపోతే ఏ పిల్ల ఎవరిదో ఎవరూ చెప్పలేరు. పంచి గుర్తు బుట్టలోంచి తీస్తూనే వేసేయండి.

పెట్ట కింద వేస్తే 10 నుంచి 12 గుడ్లు. ఆ పెట్టని గూట్లో మిగతావాటితో ఉంచకండి. రోజూ వేరే పెట్టలు వచ్చి అక్కడే గుడ్లు పెట్టి లెక్క చెడగొడతాయి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పెట్టె, అన్ని వైపులా పావు అంగుళం మెష్, అడుగు కూడా మెష్. పొదిగే పెట్ట పాము వచ్చినా కదలదు, అందుకే రక్షణ బయట నుంచే ఉండాలి.

పిల్లలకి మొదటి వారం వీపు ఎత్తులో 35 డిగ్రీలు, వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రండి. దీపం కింద కుప్పపడితే చలి, గోడల వైపు జరిగి నోళ్లు తెరిస్తే వేడి, అంతటా పరుచుకుని ఉంటే సరిపోయింది. దాణా 20 నుంచి 22 శాతం ప్రొటీన్ స్టార్టరు. బయట వదలడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగండి. అప్పటిదాకా తల్లితో అయినా సరే 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు మెష్ పెట్టెలో, పైన కూడా మూసి, రోజూ కొత్త చోటికి జరుపుతూ తిప్పండి. మీ పిల్లలు పగలు పోతున్నది ఈ దశలోనే. పెద్దయ్యాక కూడా తిరిగే చోట పది, పదిహేను అడుగులకొక పొదో, వాలుగా నిలబెట్టిన పలకో ఉంటే గద్ద వచ్చేలోపు దూరడానికి చోటు ఉంటుంది. ఖాళీ మైదానంలో పుంజు ఎంత కూసినా పరిగెత్తడానికి దారి లేదు.

జవాబు: టీకాసీసా

ఒక్కటి ఎవరూ చెప్పలేదు. బయట నుంచి తెచ్చే ఆ రెండు పుంజులు మీ గుంపులోకి రోగం తెచ్చే దారి కూడా. పుల్లోరం, మైకోప్లాస్మా లాంటివి పెట్ట నుంచి గుడ్డులోకి, గుడ్డులోంచి పిల్లలోకి వెళ్తాయి. పెద్ద కోడి పైకి బాగానే కనిపిస్తూ సంవత్సరాల తరబడి మోస్తుంది. కొనేముందు పశువైద్యుడితో రక్తపరీక్ష చేయించండి. పొదిగించే పెట్టలకి కూడా చేయిస్తే మంచిది. రోగం ఉందని పరీక్షలో తేలిన కోడిని మందులు వాడి బ్రీడింగుకి ఉంచొద్దు. మందుతో లక్షణాలు తగ్గుతాయి, మోయడం ఆగకపోవచ్చు.

కొత్త పుంజుల్ని 30 రోజులు విడిగా ఉంచండి, మీ గూటికి వీలైనంత దూరంగా, అక్కడి గాలి మీ గూటి మీదికి వీచని వైపు. రోజూ ముందు మీ కోళ్ల పని ముగించుకుని తర్వాత కొత్తవాటి దగ్గరికి వెళ్లాలి, తిరిగి రాకూడదు. వాటికి విడి చెప్పులు, విడి గిన్నెలు. మొదటి రోజే రెక్క కింద, మలద్వారం చుట్టూ ఈకల మొదళ్లు విప్పి చూడండి. అక్కడ తెల్లటి గుడ్ల గుత్తులు ఉంటే పేలు. కూర్చునే కర్ర అడుగున, చివర్ల దగ్గర రాత్రి టార్చి వేస్తే ఎర్రటి చుక్కల్లా కదిలేవి రక్తం తాగే పురుగులు. పగలు ఎంత వెతికినా కోడి మీద దొరకవు.

కొక్కెర తెగులు, మశూచి, మారెక్స్ (కాళ్లు పడిపోయే వైరస్ జబ్బు) టీకాలు మీ చోట ఏ వయసులో వేస్తారో పశువైద్యుడిని అడిగి రాసుకోండి. మారెక్స్ టీకా మాత్రం పుట్టిన రోజే పడాలి, అందుకే సీసా పిల్లలు బయటపడే రోజుకి ముందే తెప్పించుకోవాలి. టీకా మందుని దాని ద్రావణంలో కలిపిన తర్వాత ఒకటి రెండు గంటల్లోనే శక్తి పోతుంది, కాబట్టి మూడు జట్ల పిల్లలూ ఒకే రోజు వచ్చేలా గుడ్లు ఒకేసారి పెట్టుకోండి.